ఇమేజ్‌జే మాక్రోలు వెతుక్కోడానికి మేం కట్టుకున్న బ్రౌజర్: ఒక ఇమేజింగ్ ఫెసిలిటీ కేస్ స్టడీ

మైక్రోస్కోప్ ఇమేజ్‌లతో పనుండే ఏ ల్యాబ్‌లో చూసినా షేర్డ్ డ్రైవ్‌లో మాక్రోస్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది, ఇమేజ్‌ల లెక్కలు తీసిపెట్టే చిన్న చిన్న ప్రోగ్రామ్‌లు దాచుకునే చోటు. అందులో న్యూక్లియై కౌంట్, న్యూక్లియై కౌంట్ న్యూ, న్యూక్లియై కౌంట్ ఫైనల్, ఫైనల్ 2, ఎప్పుడో పీహెచ్‌డీ అయిపోయి వెళ్లిపోయిన సీనియర్ పేరుతో ఇంకొకటి, ఇలా పడి ఉంటాయి. నేను హైదరాబాద్‌లో ఒక ఇమేజింగ్ ఫెసిలిటీలో పని చేస్తా, అంటే కాన్ఫోకల్ లాంటి ఖరీదైన మైక్రోస్కోపులన్నీ ఒక చోట పెడితే రకరకాల ల్యాబుల వాళ్లు స్లాట్ బుక్ చేసుకుని వచ్చి వాడుకునే చోటు. ఇమేజ్ తీయడం నేర్పిస్తాం, అది తొందరగానే వచ్చేస్తుంది అందరికీ, ఆ తర్వాత ఆ ఇమేజ్‌లోంచి నంబర్లు తీయడం దగ్గర బండి ఆగుతుంది. అప్పుడు అందరూ అడిగేది ఒకటే, "అన్నా, దీనికి మాక్రో ఏమైనా ఉందా?"

ఉంటుంది. దాదాపు ప్రతిసారీ ఉంటుంది, ఎవరో ఒకరు ఎప్పుడో రాసే ఉంటారు. కానీ ఆ మాక్రో ఎలాంటి ఇమేజ్ కోసం రాసారో, ఇప్పుడు అడిగిన స్టూడెంట్ పట్టుకొచ్చిన ఇమేజ్‌కి అది పనికొస్తుందో లేదో చెప్పేవాళ్లు ఉండరు. ఫైల్ పేరు చెప్పదు, కోడ్ చదివితే తెలుస్తుంది గానీ కోడ్ చదవగలిగితే మన దగ్గరికి ఎందుకొస్తారు. ఈ రాతంతా ఆ ఖాళీని పూడ్చడానికి మేం ఏం చేసామన్నదే. చేసింది చిన్నదే, ఎవరైనా చేసుకోవచ్చు, అందుకే వివరంగా రాస్తున్నా.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఇమేజ్‌జే అనేది అమెరికాలో బెథెస్డాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో వేన్ రాస్‌బాండ్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్. ముందు 1987లో మ్యాకింటాష్ కోసం ఎన్‌ఐహెచ్ ఇమేజ్ అని వచ్చింది, దాంట్లోనే పాస్కల్ తరహాలో మాక్రోలు రాసుకునే వీలుండేది, తర్వాత 1997లో జావాలో ఇమేజ్‌జే మొదలైంది. పబ్లిక్ డొమైన్, పైసా కట్టక్కర్లేదు, మన దేశంలో చిన్న కాలేజీ ల్యాబుల దాకా ఇది వెళ్లడానికి అదే పెద్ద కారణం. దానికే బోలెడు ప్లగిన్లు, అప్‌డేటర్ కలిపి ప్యాక్ చేసిందే ఫిజీ, దాని పేపర్ 2012లో నేచర్ మెథడ్స్‌లో వచ్చింది, బయాలజీ వాళ్లు ఎక్కువగా వాడేది ఈ ఫిజీనే. ఇక మాక్రో అంటే మనం మెనూలో వరసగా నొక్కే పనుల్ని ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి పెట్టుకోవడం. రికార్డర్ ఆన్ చేసి పని చేసుకుంటూ పోతే అదే లైన్లు రాసేస్తుంది, క్రియేట్ నొక్కితే మాక్రో తయారు. అంత సులువు కాబట్టే ఇన్ని పుట్టుకొస్తాయి.

ముందు నుంచీ ఉన్న దారులు

కొత్తగా ఏదైనా కట్టే ముందు ఉన్నవాటితో పనైపోతుందేమో చూడాలి కదా, చూసాం. ఫిజీ టూల్‌బార్‌లో కుడి చివర రెండు బాణాల గుర్తు ఉంటుంది, అది నొక్కితే టూల్‌సెట్ల లిస్టు వస్తుంది, మాక్రోస్ ఫోల్డర్‌లోని టూల్‌సెట్స్ ఫోల్డర్‌లో మనం ఏది పెడితే అది అక్కడ కనిపిస్తుంది, షిఫ్ట్ పట్టుకుని నొక్కితే దాని కోడ్ తెరుచుకుంటుంది. ఈ షిఫ్ట్ సంగతి ఏళ్ల తరబడి ఫిజీ వాడుతున్నవాళ్లలో కూడా చాలామందికి తెలీదు, తెలుసుకుంటే చాలా ఉపయోగం. ఇంకోటి, పేరులో అండర్‌స్కోర్ ఉన్న మాక్రో ఫైల్‌ని ప్లగిన్స్ ఫోల్డర్‌లో వేసి ఫిజీ మళ్లీ స్టార్ట్ చేస్తే అది మెనూలోకి వచ్చేస్తుంది. కీబోర్డ్ మీద ఎల్ నొక్కితే సెర్చ్ బార్‌లోకి వెళ్తాం, కమాండ్ పేరులో రెండక్షరాలు కొట్టినా దొరికేస్తుంది. అప్‌డేట్ సైట్లు ఉన్నాయి, టిక్ పెడితే వేరే గ్రూపులు రాసిన ప్లగిన్లు, మాక్రోలు మన మెషీన్‌లోకి దిగుతాయి. స్క్రిప్ట్ ఎడిటర్‌లో టెంప్లేట్స్ మెనూ ఉంది. ఇమేజ్‌జే సైట్‌లో ఉదాహరణ మాక్రోలే వందల కొద్దీ ఉన్నాయి, నేను మాక్రో రాయడం నేర్చుకుంది చాలావరకు వాటిని చదివే.

ఇవన్నీ మంచివే. వీటిలో ఏ ఒక్కటీ తీసేయలేదు, ఇప్పటికీ వాడతాం. కానీ అన్నీ పేరు పట్టుకుని వెతికేవే. పేరు తెలిసినవాడికి ఎల్ నొక్కడం కంటే వేగమైన దారి లేదు. పేరు తెలియనివాడు, తన దగ్గర ఉన్న ఇమేజ్ ఏంటో మాత్రమే తెలిసినవాడు, వాడికి ఈ దారులేవీ పనికిరావు. మా దగ్గరకొచ్చే పదిమందిలో తొమ్మిది మంది ఆ రెండో రకమే.

నష్టం ఎక్కడ జరుగుతుంది

పని చేయని మాక్రో వల్ల పెద్ద నష్టమేం లేదు. రికార్డర్‌తో చేసిన మాక్రోల్లో విండో పేరు అలాగే ఇరుక్కుపోయి ఉంటుంది, ఎప్పటిదో ఒక ఇమేజ్ పేరు, అది మన దగ్గర తెరిచి లేదు కాబట్టి ఆ పేరుతో విండో లేదు అని ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. విసుగొస్తుంది అంతే. ఎర్రర్ కొట్టకుండా నడిచి తప్పు నంబర్ ఇచ్చే మాక్రోతోనే ప్రమాదమంతా, ఎందుకంటే ఆ నంబర్ ఎక్సెల్‌లోకి వెళ్తుంది, అక్కడి నుంచి గ్రాఫ్‌లోకి, అక్కడి నుంచి థీసిస్‌లోకి.

దీన్ని కొంచెం దగ్గరగా చూపిస్తా. ఒక న్యూక్లియై కౌంట్ మాక్రో ఉంది, అంటే సెల్స్‌లోని కేంద్రకాలు లెక్కపెట్టేది, కేంద్రకాలు మెరిసేలా డాపీ అనే రంగుతో స్టెయిన్ చేసిన సెల్స్ కోసం రాసింది, గాసియన్ బ్లర్‌తో కొంచెం మసక చేసి, ఆట్సు థ్రెషోల్డ్‌తో బ్యాక్‌గ్రౌండ్ నుంచి వేరు చేసి, అతుక్కున్నవాటిని వాటర్‌షెడ్‌తో విడదీసి, చివర్లో ఎనలైజ్ పార్టికల్స్‌తో లెక్కపెడుతుంది. అందులో సైజ్ 300 నుంచి ఇన్ఫినిటీ, పిక్సెల్ యూనిట్లలో అని ఉంది. రాసినవాళ్లు 20ఎక్స్ లెన్స్ మీద రాసారు. కెమెరా పిక్సెల్ 6.5 మైక్రాన్లు అనుకోండి, ఇప్పుడొచ్చే ఎస్‌సీమాస్ కెమెరాల్లో చాలావాటికి అంతే, 20ఎక్స్‌లో ఒక పిక్సెల్ అంటే సాంపిల్ మీద 0.325 మైక్రాన్లు. పది మైక్రాన్ల వ్యాసం ఉన్న న్యూక్లియస్ వైశాల్యం దాదాపు 78 చదరపు మైక్రాన్లు, పిక్సెల్స్‌లో అయితే 740 చిల్లర. 300 పైన ఉంది కాబట్టి లెక్కలోకి వస్తుంది, దుమ్ము, డెబ్రీ బయటికి పోతాయి, బ్రహ్మాండంగా పని చేస్తుంది. ఇప్పుడు ఒక స్టూడెంట్ అదే మాక్రోని 10ఎక్స్ ఇమేజ్ మీద నడిపిందనుకోండి. అక్కడ పిక్సెల్ 0.65 మైక్రాన్లు, అదే న్యూక్లియస్ 185 పిక్సెల్స్‌కి పడిపోతుంది. 300 కింద ఉంది, కాబట్టి విడిగా ఉన్న న్యూక్లియై అన్నీ ఎగిరిపోతాయి, రెండు మూడు అతుక్కుపోయి వాటర్‌షెడ్ విడదీయలేకపోయిన గుంపులు మాత్రం మిగుల్తాయి. సున్నా వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, కానీ ఇక్కడ సున్నా రాదు, ఏదో ఒక నంబర్ వస్తుంది. సెల్స్ దట్టంగా ఉన్న చోట గుంపులు ఎక్కువ కాబట్టి నంబర్ ఎక్కువ, పల్చగా ఉన్న చోట తక్కువ, కంట్రోల్‌కి ట్రీటెడ్‌కి తేడా కూడా కనిపిస్తుంది, తీరా చూస్తే ఆ తేడా సెల్స్ ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎన్ని అతుక్కున్నాయన్నది.

సైజ్‌ని పిక్సెల్స్‌లో కాకుండా 30 నుంచి 200 చదరపు మైక్రాన్లు అని రాస్తే సరిపోతుంది కదా అంటారు, రాయాలి, మేం అలాగే రాయమంటాం కూడా. కానీ ఆ ఇమేజ్‌ని ఎవరైనా మైక్రోస్కోప్ సాఫ్ట్‌వేర్‌లోంచి జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి తెచ్చుకుంటే స్కేల్, అంటే ఒక పిక్సెల్ ఎన్ని మైక్రాన్లో చెప్పే వివరం, పోతుంది, స్కేల్ లేకపోతే ఎనలైజ్ పార్టికల్స్ ఆ 30 నుంచి 200 అన్నదాన్ని పిక్సెల్స్ అనుకుంటుంది. అంటే మాక్రో ఎంత జాగ్రత్తగా రాసినా, వచ్చే ఇమేజ్ ఎలాంటిదో చూడకుండా నడిపితే గ్యారంటీ లేదు.

ఇంటెన్సిటీ, అంటే పిక్సెల్ ఎంత వెలుగుగా ఉందన్నది, కొలిచే మాక్రోల్లో ఇంకో గుంట ఉంది, 16 బిట్ నుంచి 8 బిట్‌కి మార్చడం, అంటే వెలుగుని తక్కువ మెట్లలోకి కుదించడం. మార్చేటప్పుడు ఇమేజ్‌జే మామూలుగా ఆ ఇమేజ్ డిస్‌ప్లే రేంజ్‌ని, అంటే తెర మీద నలుపు నుంచి తెలుపు దాకా చూపించే విలువల్ని, 0 నుంచి 255కి సర్దుతుంది. కంట్రోల్ ఇమేజ్ రేంజ్ 100 నుంచి 4000, ట్రీటెడ్ ఇమేజ్ రేంజ్ 100 నుంచి 1000 ఉందనుకోండి, అసలు విలువ 1000 ఉన్న పిక్సెల్ కంట్రోల్‌లో 59 అవుతుంది, ట్రీటెడ్‌లో 255 అవుతుంది. ప్రోటీన్ తగ్గిందని చూపించాల్సిన ఎక్స్‌పరిమెంట్‌లో ఆ తగ్గుదల మొత్తం ఈ ఒక్క లైన్‌లో మాయం. ఆకారాలు లెక్కపెట్టే మాక్రోలో ఈ లైన్ ఉంటే పర్లేదు, ఇంటెన్సిటీ మాక్రోలో ఉంటే పనికిరాదు, కానీ ఫైల్ పేరు చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి.

మొదట హెడర్, తర్వాతే బ్రౌజర్

అందుకని మేం బ్రౌజర్ కోడ్ జోలికి వెళ్లకముందే ఒక్కో మాక్రో పైన కామెంట్ లైన్లలో ఏం రాయాలో తేల్చుకున్నాం, హెడర్ అంటున్నది ఆ లైన్లనే. ఇది అన్నిటికంటే ఎక్కువ టైమ్ తీసుకున్న పని, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది కూడా ఇదే. ఇరవై రకాల వివరాలు అడిగితే ఎవరూ నింపరు, మరీ తక్కువ అడిగితే ఉపయోగం ఉండదు. చివరికి మిగిలినవి ఇవి: ఒక్క వాక్యంలో ఏం చేస్తుంది, ఎలాంటి ఇమేజ్ కావాలి, ఏం బయటికి ఇస్తుంది, నడిచాక ఏ సెట్టింగులు మార్చి వదిలేస్తుంది, ఏ ప్లగిన్లు కావాలి, ఏ వెర్షన్‌లో ఎవరు టెస్ట్ చేసారు, వెతకడానికి నాలుగైదు మాటలు.

ఎలాంటి ఇమేజ్ కావాలి అన్న లైన్ దగ్గర మాత్రం మేం మొండిగా ఉన్నాం. బిట్ డెప్త్ ఎంత (8 బిట్టా, 16 బిట్టా), రంగుల ఛానెల్స్ ఎన్ని, ఒకే స్లైస్ కావాలా స్లైసుల దొంతర, అంటే స్టాక్, అయినా పర్లేదా, స్కేల్ ఉండాలా, ఉంటే పిక్సెల్ సైజు ఎంత నుంచి ఎంత వరకు టెస్ట్ చేసారు, బ్యాక్‌గ్రౌండ్ నలుపా తెలుపా. ఇవి మాటల్లో కాకుండా ఒక ఫిక్స్‌డ్ పద్ధతిలో రాయాలి, ఎందుకంటే వీటిని మనిషే కాదు బ్రౌజర్ కూడా చదవాలి. ఉదాహరణకి పైన చెప్పిన న్యూక్లియై మాక్రోకి బిట్ 16, ఛానెల్ 1, స్లైస్ 1, పిక్సెల్ 0.3 నుంచి 0.35 మైక్రాన్లు, బ్యాక్‌గ్రౌండ్ నలుపు అని ఉంటుంది. హెడర్లు ఇంగ్లీషులోనే పెట్టాం, మా దగ్గర తెలుగువాళ్లతో పాటు బెంగాల్ నుంచి, కేరళ నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు ఉంటారు కాబట్టి.

సెట్టింగులు మార్చి వదిలేస్తుందా అన్న లైన్ ఎందుకంటే, ఇమేజ్‌జేలో కొన్ని సెట్టింగులు ప్రోగ్రామ్ మొత్తానికి ఒకటే ఉంటాయి. బైనరీ ఆప్షన్స్‌లో బ్లాక్ బ్యాక్‌గ్రౌండ్ అన్న టిక్ ఒకటి, సెట్ మెజర్‌మెంట్స్ ఇంకోటి. ఒక మాక్రో బ్లాక్ బ్యాక్‌గ్రౌండ్ మార్చి వెళ్లిపోతే, తర్వాత నడిచే ఇంకో మాక్రోలో ఫిల్ హోల్స్, వాటర్‌షెడ్ లాంటివి తలకిందులుగా పని చేస్తాయి. పొద్దున సరిగ్గా వచ్చిన రిజల్ట్ మధ్యాహ్నం వేరేగా వస్తోందని ఎవరైనా వస్తే నేను ముందు చూసేది ఈ టిక్కునే. దీనికి ఇమేజ్‌జే మాక్రో భాషలోనే మందు ఉంది, సేవ్‌సెట్టింగ్స్ అని మొదట్లో, రిస్టోర్‌సెట్టింగ్స్ అని చివర్లో రాస్తే ఇలాంటి ఆప్షన్లు చాలావరకు తిరిగి పాత స్థితికి వస్తాయి. రెండు లైన్లే, అయినా ఎవరూ రాయరు.

లైబ్రరీ ఫైల్ గురించి కూడా ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. మాక్రోస్ ఫోల్డర్‌లో లైబ్రరీ అనే టెక్స్ట్ ఫైల్ పెట్టి అందులో ఫంక్షన్లు రాస్తే అవి మన మెషీన్‌లో నడిచే ప్రతి మాక్రోకి చివర్లో వాటంతటవే అతుక్కుంటాయి. ఒక్కడే పని చేసుకునేవాడికి ఇది చాలా హాయి. పంచుకునే మాక్రోల్లో మాత్రం ఇది వద్దన్నాం, ఎందుకంటే నా మెషీన్‌లో నడిచిన మాక్రో పక్క మెషీన్‌లో ఆ ఫంక్షన్ ఎవరో తెలీదంటుంది, ఫైల్ మొత్తం చదివినా ఎక్కడ తప్పిందో అర్థం కాదు. కాబట్టి కావాల్సిన ఫంక్షన్ ఆ మాక్రో ఫైల్‌లోనే కింద కాపీ చేసుకోవాలి. ప్రోగ్రామింగ్ చదువుకున్నవాళ్లు ఇది చూసి మొహం చిట్లిస్తారు, ఒకే కోడ్ పది చోట్ల ఏంటని, కానీ ఒక్కో ఫైల్ తన కాళ్ల మీద తాను నిలబడటం ఇక్కడ ఎక్కువ ముఖ్యం అని నా అభిప్రాయం.

బ్రౌజర్ ఎలా పని చేస్తుంది

బ్రౌజర్ కూడా ఒక మాక్రోనే. జావాలో ప్లగిన్ రాయొచ్చు, వెబ్ పేజీ చేయొచ్చు, ఆ మాటలన్నీ వచ్చాయి. మైక్రోస్కోప్‌కి తగిలించి ఉండే కంప్యూటర్లకి మా దగ్గర ఇంటర్నెట్ ఉండదు, ఏదైనా ఇన్‌స్టాల్ చేయాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి, రేపు నేను వేరే చోటికి వెళ్లిపోతే జావా చదవగలిగేవాళ్లు ఉంటారో లేదో. మాక్రో అయితే కాపీ చేస్తే చాలు, ఎవరైనా తెరిచి చదవొచ్చు, మార్చుకోవచ్చు. దాన్ని ప్లగిన్స్ ఫోల్డర్‌లో పెట్టాం, మెనూలో కనిపిస్తుంది.

మొదలవగానే అది గెట్‌ఫైల్‌లిస్ట్‌తో మాక్రోల ఫోల్డర్ మొత్తం తిరుగుతుంది, స్లాష్‌తో ముగిసే పేరు వస్తే అది సబ్‌ఫోల్డర్ కాబట్టి లోపలికి వెళ్తుంది, మాక్రో ఫైల్ వస్తే దాన్ని స్ట్రింగ్‌గా తెరిచి, లైన్లుగా విడగొట్టి, కామెంట్ లైన్లు ఆగేంత వరకు మాత్రమే చదువుతుంది. కోడ్‌ని ముట్టుకోదు. తర్వాత ఒక చిన్న డైలాగ్, ఏం వెతుకుతున్నారో ఒక మాట కొట్టడానికి బాక్స్, దాని కింద ఇప్పుడు తెరిచి ఉన్న ఇమేజ్‌కి సరిపోయేవి మాత్రమే చూపించు అని ఒక టిక్. ఈ టిక్కే ఈ టూల్‌కి ప్రాణం. అది పెట్టి ఉంటే బ్రౌజర్ తెరిచి ఉన్న ఇమేజ్‌ని అడుగుతుంది, నీ బిట్ డెప్త్ ఎంత, ఛానెల్స్, స్లైసులు, ఫ్రేములు ఎన్ని, పిక్సెల్ సైజు ఎంత, ఏ యూనిట్‌లో, లట్, అంటే ఏ పిక్సెల్ విలువని తెర మీద ఏ రంగులో చూపించాలో చెప్పే పట్టిక, తిరగేసి ఉందా. ఇవన్నీ మాక్రో భాషలో ఒక్కో ఫంక్షన్‌తో వచ్చేస్తాయి. ఆ జవాబుల్ని ఒక్కో హెడర్‌తో పోల్చి, సరిపడేవి పైన, సరిపడనివి కింద, ఎందుకు సరిపడలేదో పక్కనే రాసి చూపిస్తుంది.

ఆ ఎందుకు అన్నది చూపించడం చాలా అవసరం. మొదట్లో సరిపడనివాటిని దాచేద్దాం అన్న ఆలోచన ఉండేది, కానీ దాచేస్తే జనం అసలు మాక్రోనే లేదనుకుంటారు. అదే కింద కనిపించి, పిక్సెల్ 0.65 ఉంది, ఈ మాక్రో 0.35 దాకానే టెస్ట్ చేసారు అని ఉంటే, వాళ్లకి తమ ఇమేజ్ గురించే కొత్త సంగతి తెలుస్తుంది. ఈ టూల్ వల్ల నాకు బాగా తృప్తినిచ్చింది అదే, స్టూడెంట్లు "అన్నా, నా ఇమేజ్‌కి స్కేల్ లేదంట, ఎందుకు పోయింది?" అని అడగడం మొదలుపెట్టారు. అది సరైన ప్రశ్న, దానికి జవాబుగా బయో-ఫార్మాట్స్ అనే ప్లగిన్‌తో ఒరిజినల్ ఫైల్ నేరుగా ఎలా తెరవాలో చూపిస్తాం, ఇక ఆ మనిషి జేపెగ్ మీద మెజర్‌మెంట్ చేయడు.

ఒక మాక్రో ఎంచుకున్నాక రెండో డైలాగ్‌లో హెడర్ మొత్తం కనిపిస్తుంది, పక్కనే ఒక చిన్న ముందు-తర్వాత బొమ్మ తెరుచుకుంటుంది. ప్రతి మాక్రోకి పక్కన అదే పేరుతో ఒక టెస్ట్ ఇమేజ్, అది ఇవ్వాల్సిన రిజల్ట్ టేబుల్ పెడతాం, నిజమైన డేటాలోంచి కత్తిరించిన చిన్న ముక్క, చేత్తో లెక్కపెట్టి సరిచూసింది. టెస్ట్ చేసి చూపించు అని టిక్ పెడితే ముందు దాని మీద నడిపి, వచ్చిన టేబుల్‌ని దాచిన టేబుల్‌తో పోల్చి చెప్తుంది. ఫిజీ అప్‌డేట్ చేసిన తర్వాత ప్రతిసారీ ఇది నడపమని అందరికీ చెప్తాం. ఫిజీలో వచ్చే బ్లాబ్స్ సాంపిల్ ఇమేజ్ ఎవరి దగ్గరైనా ఉంటుంది కాబట్టి దాంతోనే టెస్ట్ చేద్దాం అని కొందరు అన్నారు గానీ, అది తిరగేసిన లట్‌తో వస్తుంది, ఫ్లోరెసెన్స్ ఇమేజ్‌లకి అది మంచి పరీక్ష కాదు.

ప్లగిన్ల సంగతి కూడా అక్కడే చూసుకుంటుంది. మార్ఫోలిబ్‌జే, స్టార్‌డిస్ట్, క్లిజ్ లాంటివి అప్‌డేట్ సైట్ ఆన్ చేస్తే గానీ రావు, అవి లేకుండా నడిపితే సగంలో ఆ కమాండ్ తెలీదు అని ఆగిపోతుంది, పెద్ద ఫోల్డర్ మీద పెట్టి ఇంటికెళ్లినవాడికి పొద్దున అది చూస్తే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మాక్రో భాషలో లిస్ట్ ఫంక్షన్లలో ఇన్‌స్టాల్ అయి ఉన్న కమాండ్లన్నీ తెచ్చిపెట్టేది ఒకటి ఉంది, హెడర్‌లో రాసిన కమాండ్ అందులో లేకపోతే బ్రౌజర్ ఏ అప్‌డేట్ సైట్ ఆన్ చేయాలో చెప్పి ఆగుతుంది.

నడిపినప్పుడల్లా ఒక లాగ్ ఫైల్‌లో ఒక లైన్ చేరుతుంది, మాక్రో పేరు, దాని వెర్షన్, ఇమేజ్‌జే వెర్షన్, ఇమేజ్ పేరు, ఇచ్చిన విలువలు, తేదీ. పేపర్ రాసేటప్పుడు మెథడ్స్ సెక్షన్‌లో సగం ఇందులోంచే వచ్చేస్తుంది. థ్రెషోల్డ్ ఎలా పెట్టారు, సైజ్ లిమిట్ ఎంత అని రివ్యూయర్ అడిగితే చెప్పడానికి రాతపూర్వకంగా ఒకటి ఉంటుంది.

మనుషుల వైపు

కోడ్ కంటే ఇదే కష్టం. మాక్రో రాసినవాళ్లకి హెడర్ రాయడం బద్ధకం, పైగా తమకు అన్నీ గుర్తున్నాయనే నమ్మకం. బలవంతం చేస్తే కుదరదు, మాకు ఆ అధికారం కూడా లేదు, వాళ్లు వేరే ల్యాబుల వాళ్లు. పని చేసింది ఏంటంటే, హెడర్ లేని మాక్రోలు కూడా బ్రౌజర్‌లో కనిపిస్తాయి, అన్నిటికంటే కింద, వివరాలు లేవు అన్న మాటతో. జూనియర్లు వాటిని ఎంచుకోరు, ఎంచుకోకపోతే రాసినవాళ్లకి తెలుస్తుంది, అప్పుడు వచ్చి హెడర్ ఎలా రాయాలని అడుగుతారు. ఎడిటర్‌లో ఖాళీ హెడర్ అతికించే చిన్న మాక్రో ఇంకోటి చేసి ఇచ్చాం, తెరిచి ఉన్న ఇమేజ్‌లోంచి బిట్ డెప్త్, పిక్సెల్ సైజు అదే నింపేస్తుంది, మనిషి రాయాల్సింది రెండు లైన్లు.

కోడ్ రాసినవాళ్ల పేరు హెడర్‌లో పైన ఉంటుంది, మార్చినవాళ్ల పేర్లు కింద వరసగా. చిన్న విషయంలా ఉంటుంది గానీ, థీసిస్ ఎక్‌నాలెడ్జ్‌మెంట్స్‌లో జూనియర్లు సీనియర్ మాక్రోకి థాంక్స్ చెప్పడం మొదలయ్యాక ఆ సీనియర్లే ఇంకా నాలుగు మాక్రోలు తెచ్చి ఇచ్చారు.

ఒక మేడమ్, మా దగ్గర చాలా ఏళ్లుగా ఇమేజింగ్ చేయిస్తున్నవారు, గట్టిగా ఒక మాట అన్నారు, ఇలా అన్నీ రెడీమేడ్‌గా ఇస్తే పిల్లలు ఇమేజ్ వైపు చూడటం మానేస్తారు అని. ఆ భయం నిజమైనదే, నేను కొట్టిపారేయను. అందుకే ఎనలైజ్ పార్టికల్స్ వాడే ప్రతి మాక్రో అవుట్‌లైన్లు గీసిన ఇమేజ్‌ని కూడా సేవ్ చేయాలి అని రూల్ పెట్టుకున్నాం, నంబర్లు ఒక్కటే ఇచ్చే మాక్రోని మెయిన్ ఫోల్డర్‌లోకి తీసుకోం. వచ్చిన నంబర్ పక్కన ఏ న్యూక్లియస్ చుట్టూ గీత పడిందో, ఏది వదిలేసిందో కనిపిస్తే చూడకుండా ఉండటం కష్టం.

ఇంకా కుదరనివి

డైలాగ్ పాతకాలం పద్ధతి, అక్షరం కొట్టే కొద్దీ లిస్టు తగ్గడం లాంటివి మాక్రోలో రావు, ఓకే నొక్కితేనే తర్వాతి డైలాగ్. మాక్రోలు పెరిగే కొద్దీ లిస్టు పొడుగవుతోంది. గ్రూవీ, జైథాన్ లాంటి వేరే భాషల్లో రాసిన స్క్రిప్టుల హెడర్లు చదువుతుంది గానీ వాటిని నడపదు, ఎడిటర్‌లో తెరిచి ఇస్తుంది అంతే, ఇప్పటికి అది చాలు.

స్టాక్‌ల దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండాల్సి వస్తోంది. 2డీ మాక్రోని జెడ్ స్టాక్, అంటే ఒకే చోట లోతు మారుస్తూ తీసిన స్లైసుల దొంతర, మీద నడిపితే ఒకే న్యూక్లియస్ ప్రతి స్లైస్‌లో విడిగా లెక్కలోకి వస్తుంది, ఆరు మైక్రాన్ల మందం ఉన్న న్యూక్లియస్‌ని ఒక మైక్రాన్ దూరంతో తీస్తే ఆరు సార్లు. స్లైస్ 1 అని హెడర్‌లో ఉంటే బ్రౌజర్ ఆపుతుంది. కానీ కొన్ని ఫైళ్లు తెరిచినప్పుడు టైమ్ పాయింట్లు స్లైసులుగా, స్లైసులు ఫ్రేములుగా తారుమారై వస్తాయి, దాన్ని ప్రోగ్రామ్ కనిపెట్టలేదు, అందుకని స్టాక్ వచ్చినప్పుడల్లా ఇది జెడ్‌నా టైమా అని మనిషినే అడుగుతుంది.

ఇప్పుడు పని నడుస్తున్నది ఫోల్డర్ మొత్తం మీద నడిపే మాక్రోల మీద. బ్యాచ్ మోడ్‌లో ఇమేజ్‌లు తెర మీదకి రావు, అందువల్ల ఇరవై రెట్ల దాకా వేగంగా నడుస్తుందని ఇమేజ్‌జే డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, కానీ తెర మీదకి రాకపోతే తేడా ఉన్న ఇమేజ్ మధ్యలో దూరినా ఎవరికీ కనపడదు. బ్రౌజర్ ఇప్పటిదాకా తెరిచి ఉన్న ఇమేజ్ ఒక్కదాన్నే చెక్ చేసేది, దాన్ని మార్చి, నడిపే ముందు ఫోల్డర్‌లోని ప్రతి ఇమేజ్ బిట్ డెప్త్, సైజు, పిక్సెల్ స్కేల్ చదివి ఒక టేబుల్‌లో పెట్టేలా చేస్తున్నాం. పెద్ద స్టాక్‌లు ఉన్న ఫోల్డర్‌లో ఇది నెమ్మదిగా ఉంటుంది, ఉండనీ. మిగతావాటితో కలవని ఫైళ్లు పైకి వస్తాయి, వాటిని వేరే ఫోల్డర్‌లోకి తీయాలా, వదిలేయాలా, మొత్తం ఆపేయాలా అని అడుగుతుంది, జవాబు చెప్పకుండా ముందుకు పోదు.